అమెరికాలో ఇంటి అప్పు, జప్తు నోటీసు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ శీర్షికకు ఈ మధ్య వస్తున్న ఉత్తరాలలో ఎక్కువ భాగం అమెరికాలో స్థిరపడిన పిల్లల ఇళ్ల గురించే ఉంటున్నాయి. కొన్ని అక్కడి నుంచి వచ్చాయి, కొన్ని ఇక్కడున్న తల్లిదండ్రులు రాశారు. పేర్లు వేయవద్దని దాదాపు అందరూ కోరినందువల్ల ఊరి పేర్లతోనే ప్రచురిస్తున్నాము. ఒకే తీరుగా ఉన్న ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా చేశాము.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో డాలస్ దగ్గర 2022లో ఇల్లు కొన్నాడు. పోయిన వారం ఫోనులో మాట్లాడుతూ ఇంటికి ఫోర్‌క్లోజర్ కాగితం వచ్చిందన్నాడు. నేను రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో మా ఇంటి అప్పు మొత్తం ఒకేసారి కట్టి బ్యాంకులో ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకున్నాము కనుక, వాడు కూడా అప్పు తీర్చేశాడనుకుని మా వారు సంతోషంగా పక్కింటి వారికి చెప్పారు. వాళ్ల అమ్మాయి కూడా అక్కడే ఉంటుంది. ఆమె చెప్పింది విన్నప్పటి నుంచి మాకు నిద్ర లేదు. అసలు ఆ కాగితానికి అర్థమేమిటి? ఇల్లు పోయినట్టేనా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట: ఆ కాగితం వచ్చినంత మాత్రాన ఇల్లు పోయినట్టు కాదు. అయితే నిదానంగా చూద్దామని పక్కన పెట్టవలసిన కాగితం కూడా కాదు.

మీరు పొరపడడంలో మీ తప్పేమీ లేదు. ఒకే మాటకు రెండు దేశాల్లో రెండు వ్యతిరేకమైన అర్థాలు స్థిరపడ్డాయి. మన బ్యాంకుల్లో ఫోర్‌క్లోజర్ అంటే గడువుకు ముందే అప్పు తీర్చి ఖాతా మూసివేయడం. మారే వడ్డీతో తీసుకున్న ఇంటి అప్పులను అలా ముందే తీర్చేవారి నుంచి రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది కూడా. అమెరికాలో అదే మాటకు అర్థం, వాయిదాలు కట్టనందువల్ల అప్పిచ్చినవారు తాకట్టులో ఉన్న ఇంటిని వేలం వేయించి తమ డబ్బు రాబట్టుకోవడం, అంటే జప్తు.

ఈ వ్యవహారంలో మూడు మెట్లు ఉంటాయి. వాయిదాలు తప్పాయని, ఫలానా తేదీలోగా కట్టకపోతే అప్పు మొత్తం ఒకేసారి అడుగుతామని హెచ్చరించడం మొదటిది. వేలం తేదీ ప్రకటించడం రెండవది. వేలంలో ఎవరూ కొనకపోతే ఇల్లు అప్పిచ్చినవారి పేరునే మారడం మూడవది. ఈ మూడింటిలో ఏది జరిగినా లెక్కల్లో దానిని ఫోర్‌క్లోజర్ దాఖలా కిందనే చూపుతారు. మీ అబ్బాయి ఏ మెట్టు మీద ఉన్నాడో ముందు తెలుసుకోవాలి. ఫోనులో అడగకండి, కాగితాన్ని ఫొటో తీసి పంపమనండి. భయంలో ఉన్న మనిషి కాగితంలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా చెప్పలేడు.

ఈ పని అక్కడ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా జరుగుతుంది. న్యూయార్క్, న్యూజెర్సీ, ఫ్లోరిడా, ఇల్లినాయ్ వంటి చోట్ల అప్పిచ్చినవారు కోర్టులో దావా వేసి తీర్పు తెచ్చుకోవాలి. అందుకు నెలలు, కొన్ని చోట్ల ఏళ్లే పడుతుంది. టెక్సస్, జార్జియా, కాలిఫోర్నియాలలో అత్యధిక భాగం కోర్టుతో పని లేకుండానే నడుస్తుంది. వాటిలోనూ టెక్సస్‌ది వేగం. సొంతంగా నివసించే ఇల్లయితే బకాయి సరిచేసుకోవడానికి కనీసం 20 రోజుల గడువిస్తూ మొదటి నోటీసు ఇవ్వాలి. ఆ తరువాత వేలానికి కనీసం 21 రోజుల ముందు రిజిస్టర్డు పోస్టులో రెండవ నోటీసు పంపి, దానినే కౌంటీ (మన జిల్లా వంటిది) కార్యాలయంలో దాఖలు చేసి, కోర్టు భవనం దగ్గర అంటించాలి. ఆ రాష్ట్రమంతటా ఈ వేలాలు నెలలో మొదటి మంగళవారం నాడే, ఉదయం 10 గంటలకూ సాయంత్రం 4 గంటలకూ మధ్య, కౌంటీవారు నిర్ణయించిన చోట జరుగుతాయి. మంగళవారం సాయంత్రానికి వేలంపాట ముగిశాక, తాకట్టు అప్పు విషయంలో డబ్బు కట్టి ఇల్లు తిరిగి విడిపించుకునే హక్కు అక్కడ ఉండదు.

ఇంత వేగంగా నడిచే చోట కూడా ఒక కేంద్ర నిబంధన అడ్డు నిలుస్తుంది. 2014 జనవరి నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, సొంత నివాసపు అప్పులో బకాయి 120 రోజులు దాటితే తప్ప, నెలనెలా వాయిదాలు వసూలు చేసే సంస్థ జప్తు కోసం తొలి దాఖలా చేయకూడదు. ఆ సంస్థను అక్కడ సర్వీసర్ అంటారు. వాయిదాలు తగ్గించమనో, బకాయిని చివరికి నెట్టమనో కోరుతూ మీ అబ్బాయి పూర్తి కాగితాలతో దరఖాస్తు చేస్తే, అది వేలం తేదీకి 37 రోజులకంటే ముందే చేరి ఉంటే, దానిని పరిశీలించి తేల్చేవరకు వేలం జరపకూడదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. వేలం నోటీసు 21 రోజుల ముందు వస్తుంది, దరఖాస్తు రక్షణకు మాత్రం 37 రోజులు కావాలి. అంటే వేలం నోటీసు చేతికి వచ్చాక దరఖాస్తు చేద్దామనుకున్నవారికి ఆ రక్షణ అప్పటికే చేజారిపోయి ఉంటుంది. కనుక మొదటి నోటీసు దశలోనే దరఖాస్తు పెట్టాలి. సర్వీసరుకు ఫోను చేసి, జప్తు తప్పించే విభాగంతో మాట్లాడి, ఏ కాగితాలు కావాలో రాతపూర్వకంగా అడిగి, అన్నీ ఒకేసారి పంపి, చేరినట్టు రసీదు తీసుకోమనండి. ఒక్క జీతపు రసీదు తగ్గినా దరఖాస్తు అసంపూర్ణమని పక్కన పెడతారు. అసంపూర్ణమైన దరఖాస్తుకు ఆ రక్షణ ఉండదు.

మీ వారికి ఒక మాట చెప్పండి. అప్పు కట్టలేకపోవడం అక్కడ నేరం కాదు, అబ్బాయిని ఎవరూ పట్టుకుపోరు. వాడు ఈ సంగతి ఇంతకాలం మీకు చెప్పలేదంటే సిగ్గుపడ్డాడని అర్థం. ఇప్పుడు మందలింపు కన్నా వాడి పక్కన కూర్చుని కాగితాలు సర్దిపెట్టే మనిషి అవసరం ఎక్కువ. దగ్గరలో ఉన్న బంధువెవరైనా ఒక శనివారం వెళ్లి ఆ పని చేయగలిగితే అదే పెద్ద సాయం.

ప్రశ్న: అమెరికాలో ఇళ్ల జప్తులు ఇంత శాతం పెరిగాయి, అంత శాతం పెరిగాయి అని తరచూ వార్తలు చూస్తున్నాను. 2008 నాటి ఇళ్ల అప్పుల సంక్షోభం మళ్లీ వస్తోందా? మా అమ్మాయి, అల్లుడు షార్లెట్‌లో అద్దెకుంటున్నారు. ధరలు కుప్పకూలాక కొందామని మూడేళ్లుగా ఆగారు. ఆగడం మంచిదేనా?
– హైదరాబాద్, కూకట్‌పల్లి

జవాబు: శాతాన్ని చూసి భయపడేముందు అది దేనిమీద లెక్కగట్టిన శాతమో చూడాలి. అక్కడ ఈ లెక్కలను ఆటమ్ అనే సంస్థ ఏటా ప్రచురిస్తుంది. పూర్వం ఇదే రియల్టీట్రాక్ పేరుతో ఉండేది. 2010లో కనీసం ఒక్క జప్తు దాఖలా అయిన ఇళ్లు దాదాపు 28.7 లక్షలు. అది శిఖరం. 2021లో ఆ సంఖ్య 1,51,153కు పడిపోయింది. 2022లో 3,24,237 అయింది. ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటిందని అప్పట్లో పెద్ద అక్షరాలతో వేశారు. కరోనాకు ముందు మామూలు సంవత్సరమైన 2019లో అదే సంఖ్య 4,93,066 అని పక్కనే వేసి ఉంటే ఎవరికీ గుండె దడ వచ్చేది కాదు. 2023లో 3,57,062, 2024లో 3,22,103. పోల్చడానికి అడుగున ఉన్న ఏడాదిని తీసుకుంటే చిన్న పెరుగుదల కూడా కొండంత కనిపిస్తుంది.

ఈ సంఖ్యలు కుటుంబాల కష్టాన్ని మాత్రమే కొలవవు, ప్రభుత్వపు తీర్మానాలను, కోర్టుల వేగాన్ని కూడా కొలుస్తాయి. 2021లో దాఖలాలు అంత తక్కువగా ఉండడానికి కారణం ప్రజలు సుఖంగా ఉండడం కాదు. 2020 మార్చిలో చేసిన కేర్స్ చట్టం కింద ప్రభుత్వ అండ ఉన్న అప్పులకు జప్తులు ఆపారు, నెలవారీ వాయిదాలను కొంతకాలం ఆపుకునే వీలిచ్చారు. ఆ నిషేధం 2021 జూలై 31 వరకు సాగింది. 2011లో కూడా దాఖలాలు ఒక్కసారిగా 19 లక్షల లోపుకు తగ్గాయి. బ్యాంకుల ఉద్యోగులు చదవకుండానే రోజుకు వందల జప్తు కాగితాల మీద సంతకాలు పెట్టారని 2010 చివర బయటపడడంతో పనులు నిలిచిపోయాయి. ఆ వ్యవహారంలో అయిదు పెద్ద బ్యాంకులు 2012లో 49 రాష్ట్రాలతో 2,500 కోట్ల డాలర్ల రాజీ చేసుకున్నాయి. అంటే 2011లో సంఖ్య తగ్గింది కాగితాలు ఆగినందువల్ల; బాధ మాత్రం ఆగలేదు.

ఇక 2008 సంగతి. ఆనాటి విపత్తుకు మూలం ఇళ్ల ధరలు పడడం ఒక్కటే కాదు, అప్పులు ఇచ్చిన పద్ధతి కూడా. ఆదాయానికి రుజువు అడగకుండా అప్పులిచ్చారు. మొదటి రెండేళ్లు తక్కువ వడ్డీ, ఆ తరువాత 28 ఏళ్లు మారే వడ్డీ అనే పద్ధతిలో, మూడవ ఏడు వాయిదా ఎంతవుతుందో ఆలోచించుకునే తీరిక లేని కుటుంబాలకు అంటగట్టారు. ధర పెరుగుతున్నంతకాలం వాళ్లు ఇంకొక అప్పు తెచ్చి పాత అప్పు తీర్చారు. 2006 తరువాత ధరలు పడడం మొదలై, 2012 నాటికి దేశం మొత్తం మీద దాదాపు 27 శాతం తగ్గాయి. లాస్ వేగస్‌లో సగానికి పైగా పడిపోయాయి. ఇంటి ధరకన్నా అప్పు ఎక్కువైతే అమ్మినా అప్పు తీరదు, ఇంకొక బ్యాంకు అప్పివ్వదు. ఉద్యోగం పోయినవాడికి ఇల్లు వదిలేయడం తప్ప దారి ఉండేది కాదు. నెవాడా రాష్ట్రంలో 2010 ఒక్క ఏడాదిలో ప్రతి 11 ఇళ్లలో ఒకదానికి జప్తు దాఖలా అయింది. మన వీధిలో 11 ఇళ్లు లెక్కపెట్టి చూసుకుంటే దాని బరువు తెలుస్తుంది.

ఇవాళ పరిస్థితి అది కాదు. 2010లో చేసిన డాడ్-ఫ్రాంక్ చట్టం వచ్చాక, అప్పు తీర్చే స్తోమత ఉందో లేదో రుజువులతో పరిశీలించడం అప్పిచ్చేవారి బాధ్యత అయింది. ఇంటి యజమానుల్లో అత్యధికులకు ఇంటి ధరకూ అప్పుకూ మధ్య మంచి తేడా ఉంది. కష్టం వస్తే అమ్ముకుని బయటపడగలరు. అందుకే దాఖలా అయిన ఇళ్లన్నీ పోవడం లేదు. 2010లో అప్పిచ్చినవారి స్వాధీనమైన ఇళ్లు 10 లక్షలు దాటితే, 2024లో ఆ సంఖ్య 36 వేల చిల్లర.

అంతా బాగుందని నేను అనడం లేదు. 2024లో మొత్తం ఇళ్ల నిష్పత్తిలో దాఖలాలు ఎక్కువగా నమోదైనవి ఫ్లోరిడా, న్యూజెర్సీ, నెవాడా. ఫ్లోరిడాలో తుపాన్ల తరువాత ఇంటి బీమా మోయలేని భారమైంది. కేవలం మూడున్నర శాతం డౌన్ పేమెంటుతో, ప్రభుత్వ హామీ ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ అప్పులతో ఇటీవల కొన్నవారిలో వాయిదాలు తప్పేవారు మిగతావారికన్నా బాగా ఎక్కువ. ధర పెరగకముందే ఉద్యోగం పోతే వాళ్ల దగ్గర అమ్ముకోవడానికి మిగులు ఉండదు. దేశం మొత్తం లెక్కలో వీళ్లు చిన్న అంకె అయినా, ఆ ఇంట్లో ఉన్న పిల్లలకు అది చిన్నది కాదు.

మీ అమ్మాయి విషయానికి వస్తే, కుప్పకూలడం కోసం ఎదురుచూడడం సరైన పథకం కాదని నా అభిప్రాయం. 30 ఏళ్ల స్థిర వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి దిగి, 2023 అక్టోబరులో 7.79 శాతానికి ఎక్కింది. 4 లక్షల డాలర్ల అప్పుకు 2.75 శాతం వడ్డీతో నెలకు అసలూ వడ్డీ కలిపి సుమారు 1,633 డాలర్లు. అదే అప్పుకు 7 శాతమైతే సుమారు 2,661. నెలకు వెయ్యి డాలర్ల పైచిలుకు తేడా ఉన్నప్పుడు పాత ఇల్లు అమ్మి కొత్తది కొనుక్కునేవారు ఎవరుంటారు? అందుకే అమ్మకానికి వచ్చే ఇళ్లు తగ్గిపోయాయి. పాత ఇళ్ల అమ్మకాలు 2023లో సుమారు 40.9 లక్షలు, 2024లో 40.6 లక్షలు, 1995 తరువాత ఇంత తక్కువ లేదు. అమ్మకాలు పడిపోయాయి గాని, అమ్మక తప్పనివారు తక్కువ కనుక ధరలు ఆ మేరకు పడలేదు. ఉద్యోగం నిలకడగా ఉండి, ఆరు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు విడిగా ఉండి, అయిదారేళ్లు అక్కడే ఉంటామన్న నమ్మకం ఉంటే కొనుక్కోవచ్చు. ఆ మూడింటిలో ఒకటి లేకపోయినా, ధర ఎంత తగ్గినా అది మంచి బేరం కాదు.

ప్రశ్న: ఫ్రిస్కోలో కొత్త ఇల్లు కొన్నాము. వడ్డీ 30 ఏళ్లు మారదని రాసి ఉంది. రెండవ ఏడు మొదలవగానే నెల వాయిదా 1,400 డాలర్లకు పైగా పెరిగిందని ఉత్తరం వచ్చింది. మమ్మల్ని మోసం చేశారా?
– ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మోసం కాకపోవచ్చు, కొనేటప్పుడు మీకు ఎవరూ విడమరచి చెప్పని సంగతి ఇది. మారనిది అసలు, వడ్డీల భాగం మాత్రమే. ఆస్తి పన్ను, బీమాల కోసం సర్వీసరు మీ దగ్గర నెలనెలా వసూలు చేసి ఎస్క్రో ఖాతాలో దాచే భాగం ఏటా మారుతుంది.

టెక్సస్‌లో ఆస్తి విలువను జనవరి 1న ఎలా ఉందో అలా కడతారు. ఆ తేదీకి మీ స్థలంలో ఇల్లు లేచి ఉండదు కనుక మొదటి ఏడు పన్ను ఖాళీ స్థలం మీదనే పడింది. లెక్క కోసం స్థలం విలువ లక్ష డాలర్లు, ఇంటితో కలిపి 5 లక్షలు, అన్ని పన్నులూ కలిపి 2.2 శాతం అనుకోండి. మొదటి ఏడు పన్ను 2,200. రెండవ ఏడు 11,000. సర్వీసరు నెలకు 183 డాలర్లు మాత్రమే పక్కన పెడుతూ వచ్చాడు, ఇక నుంచి 917 కావాలి. అంటే నెలకు 733 పెరిగింది. ఆ ఏడాది తక్కువ పడిన 8,800ను కూడా రాబోయే 12 నెలల్లో పంచి వసూలు చేస్తాడు, అదొక 733. రెండూ కలిపితే 1,466. మీ ఉత్తరంలో ఎస్క్రో కొరత అన్న పట్టికలో ఈ రెండు వరుసలూ విడివిడిగా కనిపిస్తాయి, చూడండి. రెండవది ఏడాదితో ముగుస్తుంది, మొదటిది నిలిచి ఉంటుంది.

వెంటనే చేయవలసినవి రెండున్నాయి. సొంత నివాసానికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు దరఖాస్తు పెట్టారో లేదో చూసుకోండి. అది అడగకుండా రాదు. 2023లో టెక్సస్ ఓటర్లు బడుల కోసం వసూలు చేసే ఆస్తి పన్నులో ఈ మినహాయింపును లక్ష డాలర్లకు పెంచారు, ఆ తరువాత ఇంకా పెరిగింది. రెండవది, కొరత మొత్తాన్ని 12 నెలలకన్నా ఎక్కువ కాలానికి పంచమని సర్వీసరును రాతపూర్వకంగా అడగండి. పెరిగిన భాగం వదిలేసి పాత వాయిదానే పంపుతూ ఉంటే మాత్రం, అది పూర్తి వాయిదాగా లెక్కకు రాక బకాయి కిందికి పోతుంది. నెలనెలా డబ్బు కడుతూనే జప్తు నోటీసు అందుకున్న కుటుంబాలు అలా తయారైనవే.

ప్రశ్న: మేము ఎడిసన్‌లో ఉంటున్నాము. 2020లో 2.875 శాతం వడ్డీకి ఇల్లు కొన్నాము. హెచ్-1బి మీద ఉన్న మా వారికి ఉద్యోగం పోయి మూడు వారాలైంది. ఇంకా 4,10,000 డాలర్ల అప్పుంది, మా వీధిలో ఇలాంటి ఇళ్లు 6,50,000కు అమ్ముడవుతున్నాయి. న్యూజెర్సీలో జప్తుకు ఏళ్లు పడుతుంది కనుక వాయిదాలు ఆపేసి ఇంట్లోనే ఉండండని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?
– న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ఆ సలహా వినకండి. న్యూజెర్సీలో కోర్టు ఆలస్యం నిజమే, కాని ఆ కాలానికి కూడా మీరే డబ్బు కడతారు. మీ అప్పు మీద ఏటా వడ్డీయే సుమారు 11,800 డాలర్లు. మీరు మానేస్తే ఆస్తి పన్ను, బీమా సర్వీసరు కట్టి మీ లెక్కలో వేస్తాడు. ఆలస్య రుసుములు, వకీళ్ల ఖర్చు కూడా మీ మీదనే పడతాయి. ఇవన్నీ చివరికి మీ ఇంటి మిగులులోంచి పోతాయి. జప్తు జరిగిందన్న మచ్చ క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్లు ఉంటుంది.

ఇవాళ మీ లెక్క చూడండి. 6,50,000కు అమ్మితే ఏజెంటు రుసుము, ఇతర ఖర్చులకు 7 శాతం, అంటే 45,500 పోగా, అప్పు తీర్చితే దాదాపు 1,94,500 డాలర్లు చేతికొస్తుంది. అది మీ ఇద్దరి అయిదారేళ్ల కష్టార్జితం. జప్తుకు వెళ్లిన ఇంట్లో మొదట కరిగేది అదే. ఉద్యోగం పోయిన తరువాత హెచ్-1బి వారికి సాధారణంగా ఇచ్చే గడువు 60 రోజులు. ఇల్లు అమ్మడానికి ఆ గడువు చాలకపోవచ్చు. కనుక రెండు పనులు ఈ వారమే మొదలుపెట్టండి. సర్వీసరుకు ఉద్యోగం పోయిన సంగతి చెప్పి, కొన్ని నెలలు వాయిదా తగ్గించమనో ఆపమనో దరఖాస్తు పెట్టండి. అమెరికా గృహనిర్మాణ శాఖ గుర్తింపు ఉన్న సలహాదారులు జప్తు విషయంలో ఉచితంగా సాయం చేస్తారు. వారిలో ఒకరితో మాట్లాడండి. ముందుగా డబ్బు కట్టించుకుని ఇల్లు కాపాడతామనే వారిని గుమ్మం తొక్కనివ్వకండి. పని జరగకముందే రుసుము తీసుకోవడం కేంద్ర నిబంధనల ప్రకారం నిషిద్ధం.

ఇల్లు ఉంచుకుని అద్దెకివ్వాలనుకుంటే, వచ్చే అద్దె మొత్తం వాయిదాకు, పన్నుకు, మరమ్మతులకు సరిపోతుందో లేదో కాగితం మీద వేసుకోండి. 2.875 శాతం వడ్డీ పోగొట్టుకోవడం కష్టమే. కాని మళ్లీ అప్పు తీసుకునేటప్పుడు దారులు ఇరుకయ్యాయని గుర్తుంచుకోండి; 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేనివారికి ఎఫ్‌హెచ్‌ఏ అప్పులు ఇవ్వడం లేదు. ఒకవేళ ఇండియాకు వచ్చేశాక అమ్మితే, పన్ను చట్టం దృష్టిలో మీరు అప్పటికి విదేశీయులైతే, కొనేవారు అమ్మకపు ధరలో 10 లేదా 15 శాతం పట్టుకుని అక్కడి పన్ను శాఖకు కట్టవలసి వస్తుంది. అది లాభం మీద కాదు, ధర మీద. తరువాత రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు గాని, అవసరమైన సమయానికి చేతిలో ఉండదు. అయిదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ ఇంట్లో నివసించి ఉంటే దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద పన్ను మినహాయింపు ఉంది. మీకు అది వర్తించేలా కనిపిస్తోంది. అమ్మేముందు అక్కడి పన్ను నిపుణుడికి ఒకసారి కాగితాలు చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటిని కాపాడడానికి ఊళ్లో ఉన్న రెండెకరాలు అమ్మి డబ్బు పంపాలనుకుంటున్నాను. ఆ భూమి మా నాన్నగారి నుంచి వచ్చింది. పంపవచ్చా? పంపడం మంచిదా?
– గుంటూరు జిల్లా

జవాబు: పంపడానికి చట్టం అడ్డు చెప్పదు. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా పట్టుకుంటుంది. మీ ఆదాయపు పన్ను రిటర్నులో అది సర్దుబాటవుతుంది లేదా వాపసు వస్తుంది. కాని అప్పటిదాకా ఆ డబ్బు మీ దగ్గర ఉండదని లెక్కలో వేసుకోవాలి.

మంచిదా అన్న ప్రశ్నకు నా జవాబు కొంచెం కఠినంగా ఉంటుంది, మన్నించండి. భూమి బేరం పెట్టేముందు మీ అబ్బాయిని మూడు అంకెలు అడగండి. బకాయి మొత్తం కట్టి అప్పును మళ్లీ దారిలో పెట్టడానికి ఎంత కావాలి? ఆ తరువాత ప్రతి నెలా వాయిదా ఎంత, దానిని కట్టే ఆదాయం ఎక్కడినుంచి వస్తుంది? ఇల్లు ఇవాళ అమ్మితే ఎంత మిగులుతుంది? రెండవ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉంటే, అంటే కొత్త ఉద్యోగపు జీతం మొదలై బకాయి మాత్రమే అడ్డుగా ఉంటే, మీ సాయం ఆ ఇంటిని నిజంగానే నిలబెడుతుంది. జవాబు లేకపోతే మీ రెండెకరాలు ఆరేడు నెలల వాయిదాలుగా కరిగిపోతాయి, ఆ తరువాత ఇల్లూ పోతుంది. ఒక ఆస్తి పోవలసినచోట రెండు పోతాయి. ఇల్లు అమ్మితే మిగులు ఉన్నట్టయితే ముందు అదే అమ్మమనండి. అద్దె ఇంట్లో ఉన్నంత మాత్రాన మీ అబ్బాయి పరువేమీ తగ్గదు. మీ భూమిని మీ వృద్ధాప్యానికి ఉంచుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి కొన్న హైదరాబాద్ ఫ్లాటు అప్పులో నేను సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టాను. వాయిదాలు ఆగితే ఇక్కడ ఏమవుతుంది?
– ఖమ్మం

జవాబు: సంతకం పెట్టారు కనుక బ్యాంకు మిమ్మల్ని కూడా బాకీదారుగానే చూస్తుంది. వాయిదా 90 రోజులు తప్పితే ఖాతా మొండి బాకీ అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తారు. ఆ గడువులో మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. తరువాత స్వాధీనం, ఆపైన వేలం. స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అది హైదరాబాదులోనే ఉంది. 2016 సవరణ తరువాత ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది: బాకీ మొత్తం కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే వరకే ఉంటుంది. వేలం రోజున డబ్బు సంచీతో వెళ్తే సరిపోతుందని ఇప్పటికీ నమ్మేవారున్నారు. 2023లో సుప్రీంకోర్టు ఈ సంగతిని తేల్చి చెప్పింది.

ప్రశ్న: వేలంలో ఇల్లు బాకీకన్నా ఎక్కువ ధరకు పోతే ఆ మిగులు ఎవరిది?
– అట్లాంటా

జవాబు: ఇంటి యజమానిదే. బాకీ, ఖర్చులు, ఆ ఇంటి మీద ఉన్న ఇతర అప్పులు పోగా మిగిలినది మీకు రావాలి. ఆస్తి పన్ను కట్టనందువల్ల జరిగే జప్తుల్లో మాత్రం కొన్ని రాష్ట్రాలు మొత్తం తామే ఉంచుకునేవి. మినసోటాలో 94 ఏళ్ల జెరాల్డీన్ టైలర్ అనే పెద్దావిడ పన్ను బాకీ వడ్డీ, జరిమానాలతో కలిపి 15,000 డాలర్లకు చేరింది. ఆమె ఇంటిని హెనెపిన్ కౌంటీ 40,000కు అమ్మి, మిగిలిన 25,000 కూడా తన దగ్గరే ఉంచుకుంది. అది రాజ్యాంగ విరుద్ధమని 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది.

అయితే ఆ డబ్బు దానంతట అదే మీ ఇంటికి రాదు. వేలం జరిపినవారి దగ్గరో, కోర్టులోనో జమ అయి ఉంటుంది, మీరు దరఖాస్తు పెట్టుకోవాలి. నోటీసు పాత చిరునామాకే వెళ్తుంది, ఆ ఇల్లు ఖాళీ చేసి వచ్చినవారికి అది చేరదు. కనుక ఇల్లు వదిలిన రోజునే పోస్టాఫీసులో కొత్త చిరునామా నమోదు చేయించండి, వేలం జరిపినవారికీ కౌంటీ కార్యాలయానికీ కొత్త చిరునామా రాసి పంపండి. మీ మిగులు తెచ్చిపెడతామని మూడోవంతు వాటా అడుగుతూ ఫోన్లు వస్తాయి. ముందుగా మీరే స్వయంగా కౌంటీ కార్యాలయానికి వెళ్లి అడగండి.